మూడో స్తంభం

అమ్మ చెంచా పట్టుకుని నిలబడింది. తాత నోరు తెరవలేదు.

"చేప ముల్లు తీశావా?" అన్నాడు.

"తీశాను."

"నిన్న కూడా తీశాననే అన్నావు."

"నిన్న ఒకటి మిగిలిపోయింది. ఇవాళ రెండుసార్లు చూశాను. తెరవండి, చల్లారిపోతోంది."

తాత నోరు తెరిచాడు. నమిలాడు. ముల్లేమీ తగల్లేదు. అందుకు కూడా విసుక్కున్నట్టే ముఖం పెట్టాడు.

నాయనమ్మ పోయి మూడు నెలలైంది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆవిడ పేరు పలకలేదు. తాత తన చేత్తో అన్నం ముట్టుకోలేదు. టీ కప్పు ముట్టుకోలేదు. ఉలి, గొడ్డలి, రంగుల డబ్బా ఏవీ ముట్టుకోలేదు. సమాధి దగ్గర స్తంభాలు నాటి, చుట్టూ అడుగులు వేస్తూ ఆడి, ఆవిడని సాగనంపే దాకా పద్ధతి అది. వాళ్ల దీవిలో ఇప్పుడు చాలామంది వారం పాటించి ఊరుకుంటున్నారు. తాత అలా ఊరుకునే మనిషి కాదు.

మనవరాలు అంచిల్లాకి పదేళ్లు. ఆమె విసుగు వేరు. తాత చేసే చెక్క పక్షులు ఓడెక్కి సముద్రం అవతల డార్విన్ పట్నానికి, అక్కడినుంచి ఇంకా పెద్ద ఊళ్లకి వెళ్తాయి. ఆ పని ఆమెకి కావాలి. పెద్దయ్యాక ఏమవుతారని బడిలో టీచర్ అడిగితే తరగతంతా ఫుట్‌బాల్ అంది. అంచిల్లా ఒక్కతే బొమ్మలు చేస్తానంది. తాత నేర్పుతున్నాడు కూడా. తెల్లమట్టి నూరడం నేర్పాడు. పసుపుమట్టిని నిప్పుల్లో కాల్చి ఎర్రగా మార్చడం నేర్పాడు. చెక్క దువ్వెన పళ్లు రంగులో ముంచి, కర్ర మీద అద్ది, చుక్కల వరస తిన్నగా తీసుకెళ్లడం నేర్పాడు. అక్కడ ఆగిపోయింది. మూడు నెలలుగా ఆగే ఉంది.

శనివారం స్తంభాలు నాటుతారు. ఆ సాయంత్రం తాత చేతులు కడుక్కుంటాడు. సోమవారం నుంచి మళ్లీ పాఠం. ఇవాళ మంగళవారం. అంచిల్లా రోజులు లెక్కపెడుతోంది.

స్తంభాలు మూడు. ఇంటివాళ్లు వాటిని చెయ్యకూడదు. అల్లుళ్లు, వియ్యాలవారు చెయ్యాలి. ఇంటివాళ్లు అడగాలి, కూర్చోవాలి, చివర్న చేసినవాళ్లకి బహుమతులిచ్చి పంపాలి. అంతే. రెండు స్తంభాలు దామియన్ చేశాడు. చక్కగా వచ్చాయి. మూడోది దామియన్ తమ్ముడు యూస్టస్ చేస్తున్నాడు. యూస్టస్ అంటే అంచిల్లాకి మేనత్త మొగుడు. నాయనమ్మకి అల్లుడు. ఊళ్లో చెత్తబండి నడుపుతాడు.

అతను మామిడిచెట్టు కింద ఆ మూడో కర్ర ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నాలుక బయటపెట్టి దువ్వెన అద్దుతున్నాడు. తాత తన కుర్చీని రోడ్డు వైపు తిప్పించుకున్నాడు.

"తాతా, మళ్లీ వంకరపోయింది," అంది అంచిల్లా మెల్లిగా.

"నేను చూడటం లేదు."

"పసుపు వరస తెల్లవరసలోకి దూరిపోయింది."

"చూడటం లేదని చెప్పానా? నువ్వెందుకు చూసి చెప్తావు?"

"దామియన్ మామే మూడోది కూడా చెయ్యొచ్చు కదా."

"మూడోది అల్లుడిది. అల్లుడే చెయ్యాలి."

"అల్లుడికి చేతకాకపోతే?"

"చేతకాకపోయినా అల్లుడే."

తాత దవడ కదిలింది. నోట్లో ఏమీ లేదు. అయినా కదిలింది. అంచిల్లా దాన్ని చూసింది. తాతకి కూడా ఒళ్లు మండుతోందని ఆమెకి తెలిసిపోయింది. అలాంటప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి కదా అనుకుంది.

మధ్యాహ్నం యూస్టస్ మామ భోజనానికి ఇంటికెళ్లాడు. అమ్మ కొట్టుకెళ్లింది. తాత కుర్చీలో తల వాల్చాడు.

అంచిల్లా కర్ర దగ్గరికి వెళ్లింది. ముందు ఊరికే చూద్దామనుకుంది. దగ్గరినుంచి ఇంకా ఘోరంగా ఉంది. చుక్కలు కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కొన్ని చోట్ల మధ్యలో వేలు పట్టేంత ఖాళీ. తడిగుడ్డ పక్కనే ఉంది. దువ్వెన డబ్బాలోనే ఉంది.

ఒక్క వరస, అనుకుంది.

తుడిచింది. అద్దింది. మూడు నెలలైనా చెయ్యి మర్చిపోలేదు. చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క, కర్ర చుట్టూ తిరిగి వచ్చి మొదలుపెట్టిన చోటే కలిసింది. ఆమెకి గొంతులో ఏదో తియ్యగా అనిపించింది. రెండో వరస తుడిచింది. మూడోది తుడిచింది. ఎవరూ రాలేదు. కర్ర నడిమి భాగమంతా మార్చేసింది.

పని బాగా వచ్చింది. అదే గొడవైంది.

యూస్టస్ మామ పుల్లతో పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. కర్ర ముందు ఆగాడు. కర్ర చుట్టూ ఒకసారి తిరిగాడు. పుల్ల పారేశాడు. తన గీత ఏదో, తనది కానిది ఏదో తెలియనంత తెలివితక్కువ మనిషి కాదు అతను. అంచిల్లా గోళ్ల వైపు చూశాడు. గోళ్లలో తెల్లమట్టి ఉంది.

"నువ్వేనా?"

"కొంచెం వంకరగా ఉంటే..."

"ఊఁ."

డబ్బా మూత పెట్టాడు. చేతులు నిక్కరుకి తుడుచుకున్నాడు.

"అయితే మీరే చేసుకోండి," అని వెళ్లిపోయాడు. గేటు వెయ్యడం కూడా మర్చిపోయాడు.

ఆ మాటకి తాత లేచాడు.

"చేతులు చూపించు."

అంచిల్లా చూపించింది. తాత కర్ర దాకా నడిచాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి దాన్ని తిన్నగా చూశాడు. చాలాసేపు చూశాడు. బాగుందంటాడని అంచిల్లా ఆశ.

"వరస తిన్నగానే ఉంది," అన్నాడు తాత.

"మరి..."

"కర్ర పనికిరాదు."

"మళ్లీ తుడిచేస్తే?"

"తుడిస్తే రంగు పోతుంది. నీ చెయ్యి పోతుందా? ఇంటి చెయ్యి పడ్డ కర్రని నాటరు. పోయిన మనిషి మనల్నే పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. మన చేతులు వదలదు. అందుకే వేరేవాళ్లని బతిమాలి చేయిస్తాం. నీకు చెప్పలేదా?"

"చెప్పావు."

"ఎన్నిసార్లు?"

"చాలాసార్లు."

"మరి చెవులెక్కడ పెట్టావు?"

అంతలో అమ్మ పిండి సంచి మోసుకుని వచ్చింది. సంగతి విని సంచి కింద పడేసినంత పని చేసింది. శనివారానికి పక్క దీవినుంచి జనం బయల్దేరుతున్నారు. నాన్న డార్విన్‌లో ఓడ పని మానుకుని శుక్రవారం దిగుతున్నాడు. ఇప్పుడు కాకపోతే వానలు వచ్చేస్తాయి. వానలొస్తే దారులు మునుగుతాయి. అంటే మళ్లీ వచ్చే ఎండాకాలమే.

"ఇంకో ఏడాది," అన్నాడు తాత. అమ్మ చేతిలో చెంచా లేకపోయినా ఆ చేతి వైపే చూశాడు. "ఇంకో ఏడాది ఈ చెంచా."

అంచిల్లాకి అప్పుడు అర్థమైంది. సోమవారం పాఠం లేదు. ఆ తర్వాతి సోమవారం కూడా లేదు. అది కాక, తాత ఇంకో ఏడాది చిన్నపిల్లాడిలా నోరు తెరిచి కూర్చోవాలి. తన వల్ల.

"నేను వెళ్లి యూస్టస్‌ని అడుగుతాను. చిన్నపిల్ల, తెలీక చేసింది," అంది అమ్మ.

"చెయ్యి పెట్టింది నువ్వా?" అన్నాడు తాత.

"కాదు."

"మరి నువ్వెందుకు అడగడం? అడగడం ఇంటివాళ్ల పని. చెడగొట్టింది ఎవరో వాళ్లే అడగాలి." అంచిల్లా వైపు తిరిగాడు. "పో. ఏడుస్తూ వెళ్లకు. అతనికి అదొక పని పెట్టకు."

యూస్టస్ మామ ఇంట్లో టీవీ గట్టిగా మోగుతోంది. అత్త తలుపు తీసింది. ఆమెకి అప్పటికే తెలుసు. "మెట్టు మీద కూర్చో," అంది.

అంచిల్లా కూర్చుంది. లోపల ఫుట్‌బాల్ ఆట. ఎవరో గోల్ కొట్టారు. ఎవరో తప్పించారు. దోమలు కాళ్ల మీద వాలాయి. కుక్క ఒకటి వచ్చి వాసన చూసి పోయింది. సగం ఆట అయింది. మామ బయటికి రాలేదు. మిగతా సగం కూడా అయింది. అప్పుడొచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఓడిపోయాం," అన్నాడు.

అంచిల్లా తల ఊపింది.

"ఏంటి సంగతి?"

"స్తంభం కావాలి మామా. కొత్తది. నువ్వే చెయ్యాలి."

"నువ్వున్నావుగా. చుక్కలు ముత్యాల్లా పెట్టావు."

"నేను చెయ్యకూడదు."

"ఆ ముక్క మధ్యాహ్నం గుర్తులేదా?"

"ఉంది."

"ఉండే చేశావన్నమాట." అతను మెట్టు చివర కూర్చున్నాడు. "నాకు దువ్వెన పట్టుకోవడం రాదని నాకు తెలీదనుకున్నావా? మీ తాత కుర్చీ ఎందుకు తిప్పుకున్నాడో తెలీదనుకున్నావా? చెత్తబండి నడిపే చేతులివి. ఐదు రాత్రులు పాత చెక్క మీద నేర్చుకున్నాను. మీ అత్తనడుగు. ఇల్లంతా మట్టి చేశానని తిట్టింది."

లోపలినుంచి అత్త, "ఇంకా వదల్లేదు," అంది.

"మీ నాయనమ్మ పన్నెండేళ్లలో నాతో ఎన్ని మాటలు మాట్లాడిందో తెలుసా?"

"అత్తా అల్లుడూ మాట్లాడుకోకూడదు కదా."

"అదే. ఒక్కటీ లేదు. నేను ముందు గుమ్మంలోంచి వస్తే ఆవిడ వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయేది. ముఖం కూడా సరిగ్గా చూడలేదు. నేను చేపలు తెచ్చి గిన్నెలో పెట్టి మీ మెట్టు మీద పెట్టేవాణ్ని. మర్నాడు గిన్నె ఇదిగో, ఈ మెట్టు మీద ఉండేది. శుభ్రంగా తోమి. అందులో ఒక రొట్టె, లేకపోతే మడచెట్లలో దొరికే తినే పురుగులు. పన్నెండేళ్లు ఆ గిన్నే తిరిగింది. మాట లేదు మా మధ్య."

అంచిల్లా మెట్టు వైపు చూసింది. సిమెంటు మెట్టు. అక్కడేమీ లేదు.

"ఇప్పుడు ఆవిడకి నేనొక్కటి చేసి పెట్టాలి. ఒక్కటి. వంకరో టింకరో, నాది. దాన్ని తడిగుడ్డతో తుడిచేశావు."

అంచిల్లాకి ఏడుపొచ్చింది. తాత చెప్పింది గుర్తొచ్చి మింగేసింది.

"రేపు రా మామా," అంది.

"వంకరగానే వస్తుంది."

"రానీ."

"నువ్వక్కడ కూర్చుని మూలుగుతావు. నాకు వినబడుతుంది. ఇన్నాళ్లూ వినబడింది."

"మూలగను."

"మీ తాత దవడ కదుపుతాడు."

అంచిల్లా ఆలోచించింది. "అది నేనాపలేను," అంది.

యూస్టస్ మామ నవ్వలేదు. అత్తే లోపల్నుంచి నవ్వింది.

"పో ఇంటికి. మర్చిపోయాననుకోకు, ఈ సంగతి నాకు చాన్నాళ్లు గుర్తుంటుంది. చెట్టు దొరికితే చేస్తా."

బుధవారం పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ రంపం పట్టుకుని అడవికెళ్లారు. ఆ చెట్టు చెక్క ఇనుమంత గట్టిది. మధ్యాహ్నానికి చెత్తబండిలో పడేసి తెచ్చారు. బండి వాసన కర్రకి పట్టింది. తాత ముక్కు ముడిచాడు గానీ ఏమీ అనలేదు. గురువారమంతా చెక్కుడు. రంపం రొదకి పక్కింటి పిల్లలు చెవులు మూసుకున్నారు. సాయంత్రం చెక్క పచ్చి ఆరకముందే పొగపెట్టి కర్రని నల్లగా చేశారు. శుక్రవారం రంగులు.

శుక్రవారమే కష్టమైంది అంచిల్లాకి.

తాత పక్కన ఇసకలో కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. యూస్టస్ మామ మొదటి వరస మొదలుపెట్టాడు. ఐదు చుక్కలు బాగానే వచ్చాయి. ఆరోది జారింది. అంచిల్లా పళ్లు బిగించింది. మూలగలేదు. రెండో వరసలో కర్ర మీద బుడిపె ఒకటి అడ్డొచ్చింది. కొంచెం పైనుంచి తిప్పితే సరిపోయేది. అతను కిందినుంచి తిప్పాడు. వరసంతా కిందికి జారింది. అంచిల్లా తన కాలి బొటనవేలి వైపు చూస్తూ కూర్చుంది. ఆ వేలి మీద ఎన్ని ముడతలున్నాయో ఆ రోజు ఆమెకి పూర్తిగా తెలిసింది.

"బుడిపె," అన్నాడు తాత పెదవులు కదపకుండా.

"తెలుసు," అంది అంచిల్లా, ఆమె కూడా కదపకుండా.

"పైనుంచి."

"తాతా, ఊరుకో."

తాత ఆమె వైపు తిరిగి చూశాడు. అతనికి అలా చెప్పేవాళ్లు ఈ మూడు నెలల్లో ఎవరూ లేరు. మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

ఎండ వాలేసరికి చివరి వరస పడింది. యూస్టస్ మామ లేచి నడుం పట్టుకున్నాడు. ముక్కు మీద కూడా తెల్లమట్టి ఉంది.

"అంచిల్లా, ఇలా రా. ఎలా ఉంది?"

అతను ఊరికే అడగలేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. చేతులు వెనక్కి కట్టుకుని కర్ర చుట్టూ తిరిగింది. నడుం దగ్గర వరసలన్నీ ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి, అలలో పడవలా. ఒక చోట అతని బొటనవేలి ముద్ర కూడా పడింది. నోటిదాకా వచ్చిన నాలుగు మాటల్నీ ఆమె వెనక్కి పంపింది.

"నన్నెందుకు అడుగుతావు మామా? నాయనమ్మది కదా," అంది.

యూస్టస్ మామ డబ్బా మూత పెట్టాడు. "సరే," అని దువ్వెన కడుక్కోవడానికి వెళ్లాడు.

శనివారం సమాధి దగ్గర మూడు స్తంభాలూ నిలబెట్టారు. దామియన్ అందరి ముఖాలకీ రంగులు పూశాడు. నాన్న ముఖం అంచిల్లా మొదట గుర్తుపట్టలేకపోయింది. చప్పట్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరే ముందుకొచ్చి ఇసకలో అడుగులు వేశారు. తాత అందరికన్నా చివర్న వేశాడు. మోకాళ్లు సహకరించలేదు. అయినా ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. దుమ్ము లేచి, ఏడుపులు లేచి, పొద్దువాలేసరికి రెండూ అణిగాయి.

అందరూ నీళ్ల దగ్గరికి వెళ్లారు. తాత చేతులు కడుక్కున్నాడు. అమ్మ అలవాటుగా టీ కప్పు అతని నోటి దగ్గరికి తీసుకెళ్లింది. తాత ఆ కప్పుని తన చేతిలోకి తీసుకున్నాడు. గడగడా తాగాడు. నాలుక కాల్చుకున్నాడు. అమ్మ తలగుడ్డతో కళ్లు తుడుచుకుంటూ, "నిదానంగా తాగాల్సింది," అంది.

ఇక బహుమతులు ఇవ్వడం మిగిలింది. చేసినవాళ్లు తమ స్తంభం పక్కన నిలబడాలి. తాత తన చేత్తో ఇస్తాడు. దామియన్ వచ్చి తన రెండింటి మధ్యా నిలబడ్డాడు. మూడోదాని పక్కన ఎవరూ లేరు.

దాని ముందు ఫెలిసిటీ నిలబడి ఉంది. పక్క దీవినుంచి వచ్చిన పిల్ల, అంచిల్లాకి వరసకి చెల్లెలు. నోరు ఊరుకోదు.

"ఇదేంటి ఇలా ఉంది? చేసినాయన తాగున్నాడా?"

"మా యూస్టస్ మామ చేశాడు."

"నువ్వు బాగా వేస్తావటగా. సరిచెయ్యకపోయావా?"

"చెయ్యకూడదు," అంది అంచిల్లా. కొంచెం ఆగి, "చెయ్యను కూడా," అంది.

ఆమె జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్లింది. యూస్టస్ మామ అందరికన్నా వెనక, తన బండి తలుపుకి ఆనుకుని ఉన్నాడు. ఎవరి కోసమో చూస్తున్నట్టు సముద్రం వైపు చూస్తున్నాడు.

"మామా, తాత పిలుస్తున్నాడు."

"ఇక్కడినుంచి కనబడుతోంది కదా."

"ఆయనకి నువ్వు కనబడాలి. నీ స్తంభం పక్కన ఎవరూ లేరు. రా."

చొక్కా పట్టుకుని లాగింది. అతను బరువైన మనిషి. ఇసకలో కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. తల వంచుకున్నాడు. తాత మడిచిన దుప్పటి, గుడ్డలు పట్టుకుని అతని ముందుకొచ్చాడు. స్తంభాన్ని పైనుంచి కిందికి చూశాడు. దవడ కదిలింది.

"చేశావు," అన్నాడు తాత. దుప్పటి అతని చేతుల్లో పెట్టాడు.

"వంకరగా వచ్చింది," అన్నాడు యూస్టస్ మామ, తల ఎత్తకుండా.

పక్కనే ఉన్న ఫెలిసిటీ అవునన్నట్టు నోరు తెరిచింది.

అంచిల్లా ఆమె కాలు తొక్కింది.